స్థానిక ఆఫర్ల మొబైల్ యాప్ రూపకల్పన: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

స్థానిక ఆఫర్ల యాప్ అంటే వాడేవారు ఉన్న చోటును బట్టి, వారికి అందుబాటులో ఉన్న దుకాణాల తగ్గింపులు, కానుకలు, కొత్త సరుకు కబుర్లు చూపే మొబైల్ యాప్. ఫోన్ ఎక్కడుందో పసిగట్టడం, ఆ చోటికి ఏ దుకాణం ఆఫర్ వర్తిస్తుందో తేల్చడం, తగిన వేళకు కబురు పంపడం, గిరాకీ నిజంగా వచ్చి ఆఫర్ వాడుకున్నట్టు నమోదు చేయడం దీని పనులు. మహానగరాల మాల్‌ల కోసం పుట్టిన పద్ధతి ఇది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలకు దాన్ని ఉన్నదున్నట్టు తెస్తే పనిచేయదు. ఇక్కడ ఏం కొనాలో, ఎక్కడ కొనాలో దుకాణం ముందు నడుస్తూ తేల్చుకునేవారు తక్కువ. ఆ లెక్కంతా ఊళ్లో, ఇంట్లో, బస్సెక్కక ముందే అయిపోతుంది. రూపకర్త ముందుగా పట్టించుకోవలసింది దీన్నే.

మూడు పట్టణాల తీరు

2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లాను విడదీసినప్పుడు జగిత్యాల ఒక జిల్లాకు, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనే ఉంది. జగిత్యాల నుంచి నిజామాబాద్ వైపు 63వ నంబరు జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్లు దాటితే వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే మెట్‌పల్లి. సిరిసిల్ల మాత్రం దక్షిణాన విడిగా ఉంటుంది. జగిత్యాల నుంచి గీత గీసినట్టు కొలిచినా సుమారు 45 కిలోమీటర్లు.

మూడు పట్టణాల ఆదాయాలు మూడు రకాలు. జగిత్యాల చుట్టూ వరి, పసుపు, మామిడి పండుతాయి, కాబట్టి పంట డబ్బు చేతికొచ్చినప్పుడే బజారు నిండుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే మహిళలు, గల్ఫ్‌కు పోయినవారి కుటుంబాలు ఎక్కువ. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. కూలీ చేతికందే రోజును బట్టి అక్కడ కిరాణా నుంచి సెల్‌ఫోన్ షాపు దాకా గిరాకీ పెరుగుతుంది, తగ్గుతుంది. పక్కనే వేములవాడ రాజరాజేశ్వరస్వామి గుడి ఉంది. కోడె మొక్కు తీర్చుకోవడానికి వచ్చే భక్తులు వేములవాడకు వేరే రకం గిరాకీ. వారు ఒక పూట ఉండి వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడో గానీ రారు.

ఈ పట్టణాల దుకాణాలకు అసలు పోటీ పక్క దుకాణం కాదు. పెళ్లి బట్టలకూ బంగారానికీ కరీంనగర్ దాకా పోయే అలవాటుతోనూ, ఇంటికే పార్సిల్ తెచ్చే ఆన్‌లైన్ కంపెనీలతోనూ వాటికి పోటీ.

యాప్‌కు ముందు

చోటును బట్టి ప్రచారం చేయడం ఇక్కడ కొత్త కాదు. ఆటోకు మైకు కట్టి వీధివీధి తిప్పడం, పొద్దున్నే పేపరు మడతలో కరపత్రం పెట్టించడం, చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టడం, లోకల్ కేబుల్ టీవీలో కింద స్క్రోలింగ్ వేయించడం, ఇవన్నీ ఆ పనే చేశాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టడం తెలుగునాట ఇందులో పెద్ద మలుపు. రాష్ట్రమంతటికీ పోయే పేజీలో ప్రకటన ఇవ్వలేని చీరల దుకాణం, ట్యుటోరియల్ కాలేజీ తమ జిల్లా వరకే డబ్బు కట్టి ప్రకటన వేయించుకునే వీలు దానితో వచ్చింది. జిల్లాను ఒక అమ్మకపు హద్దుగా చూసిన ఆ లెక్క నేటి యాప్‌లకు చాలా దగ్గరిది.

ప్రపంచంలో ఈ రంగం 2008-10 మధ్య ఊపందుకుంది. 2008లో షికాగోలో తగ్గింపు కూపన్లు అమ్మే గ్రూపన్ మొదలైంది. 2009లో వచ్చిన ఫోర్‌స్క్వేర్‌లో ఒక చోటికి అందరికంటే ఎక్కువసార్లు వెళ్లినవారు ఆ చోటుకు ‘మేయర్’ అయ్యేవారు, కొన్ని కాఫీ షాపులు మేయర్‌కు తగ్గింపు ఇచ్చేవి. మన దేశంలో స్నాప్‌డీల్ 2010లో కూపన్ల వ్యాపారంగానే పుట్టి, తర్వాత సరుకుల అమ్మకానికి మళ్లింది. గ్రూపన్ భారత శాఖ 2015లో నియర్‌బై అయింది, అదే ఏడు మ్యాజిక్‌పిన్ వచ్చింది. ఇవన్నీ హోటళ్లు, సెలూన్లు, సినిమా హాళ్లు గుంపుగా ఉండే పెద్ద నగరాల మీద ఆధారపడినవి.

చిన్న పట్టణాలకు దగ్గరగా వచ్చింది లోకల్ అనే యాప్. జానీ పాషా, విపుల్ చౌదరి 2018లో స్థాపించిన ఈ సంస్థ మొదట తెలుగులో, తెలుగు జిల్లాల్లోనే నిలదొక్కుకుంది. 2019లో అంకుర సంస్థలను తీర్చిదిద్దే వై కాంబినేటర్ శిక్షణకు ఎంపికైంది. జిల్లా వార్తలతో పాటు ఉద్యోగాలు, ఇళ్ల స్థలాలు, స్థానిక ప్రకటనలు దానిలో ఉంటాయి. రూపకర్తలు దీనిలో గమనించవలసిన సంగతి ఒకటుంది. జనం రోజూ తెరిచేది వార్తల కోసం, ప్రకటన దాని వెనక వస్తుంది. ఆఫర్లు తప్ప మరేమీ లేని యాప్‌ను దసరాకు దింపుకుని దీపావళి తర్వాత తీసేస్తారు.

ఫోన్ ఎక్కడుందో తెలిసే తీరు

అమెరికా జీపీఎస్ 1995లో పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది. పౌరులకందే సంకేతాన్ని కావాలని మసకబార్చే పద్ధతిని 2000 మే నెలలో ఎత్తేశాక సామాన్యుల వాడకానికి పనికొచ్చింది. ఆరుబయట, ఆకాశం తేటగా కనబడే చోట స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. రేకుల షెడ్డు కింద, మూడంతస్తుల భవనాల మధ్య సందులో అంత కచ్చితత్వం ఉండదు. అప్పుడు ఫోన్ సెల్ టవర్ల మీద, చుట్టుపక్కల వైఫై పేర్ల మీద ఆధారపడుతుంది. వైఫై పరికరాలు పలుచగా ఉన్న చోట ఆ అంచనా వందల మీటర్లు తప్పవచ్చు. దుకాణంలోపల వాడే బ్లూటూత్ బీకన్లు 2013లో ఆపిల్ ఐబీకన్‌తో పేరుకెక్కాయి గానీ, ఒక్కో దుకాణానికి ఒక పరికరం పెట్టి దాని బ్యాటరీ చూసుకునే ఓపిక ఈ పట్టణాల్లో ఎవరికీ లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.

దుకాణం చుట్టూ ఊహా వలయం గీసి, ఫోన్ అందులో అడుగుపెట్టగానే కబురు పంపే పద్ధతిని జియోఫెన్సింగ్ అంటారు. పుస్తకాల్లో బాగుంటుంది, ఫోన్‌లో దీనికి గట్టి పరిమితులున్నాయి. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఒకేసారి 100 వలయాలు, ఐఫోన్‌లో 20 వలయాలు మాత్రమే పెట్టగలదు. వలయం కనీసం 100 నుంచి 150 మీటర్ల వ్యాసార్థంతో ఉండాలని గూగుల్ సూచన. జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర అంత మేర గీత గీస్తే ఎన్ని దుకాణాలు లోపలపడతాయో ఒకసారి అక్కడ నిలబడి చూస్తే చాలు. ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్ తెరవకుండా ఉన్నప్పుడు వలయంలోకి వచ్చిన సంగతి రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. బైకు మీద పోయేవారు ఈలోపు చౌరస్తా దాటి పోతారు. ఇక బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను ఆపేసే తక్కువ ధర ఫోన్లలో ఆ కబురు అసలే రాకపోవచ్చు.

సర్వర్ వైపు లెక్క తేలికైనది. దుకాణాల అక్షాంశ రేఖాంశాలను గళ్లుగా విడదీసి దాచుకుంటే దగ్గరివి వెతకడం త్వరగా అవుతుంది. 2008లో గుస్తావో నీమెయర్ రూపొందించిన జియోహ్యాష్ ఇందుకు పాత, నమ్మకమైన పద్ధతి. ఆరు అక్షరాల జియోహ్యాష్ గడి సుమారు 1.2 కిలోమీటర్ల పొడవు, 0.6 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. వాడేవారు గడి అంచున నిలబడితే పక్క గళ్లనూ వెతకాలి. ఈ చిన్న సంగతి మరిచిపోయిన యాప్‌లలో రోడ్డుకు అవతల ఉన్న దుకాణం కనబడదు.

చిరునామాల తంటా వేరు. ‘గాంధీ చౌక్ దాటినంక, మెడికల్ షాపు పక్క సందు’ అన్నదే సిరిసిల్లలో అసలైన చిరునామా. 505301 అనే పిన్‌కోడ్ పట్టణం వరకే తీసుకుపోతుంది. 2025 మే నెలలో తపాలా శాఖ విడుదల చేసిన డిజిపిన్ దేశాన్ని సుమారు 4 మీటర్ల చదరపు గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాంకెల సంకేతం ఇస్తుంది. దాని తయారీలో ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రం పాలుపంచుకున్నాయి. దుకాణాన్ని నమోదు చేసే మనిషి గుమ్మంలో నిలబడి ఆ సంకేతం తీసుకుంటే చాలు. వాడేవారికి మాత్రం చౌరస్తా పేరు, పక్క గుర్తు చూపాలి.

వలయానికి బదులు బస్సు దారి

కోరుట్ల పక్క పల్లెలో ఉన్న ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. ఆమెకు రెండు చీరలు, పిల్లవాడికి స్కూలు బూట్లు కావాలి. రేపు అంగడి రోజు గనక కోరుట్ల పోవాలా, మెట్‌పల్లి పోవాలా, ఇంకాస్త దూరమైనా జగిత్యాల పోవాలా అని రాత్రి భోజనాల వేళ ఇంట్లో మాట్లాడుకుంటారు. ఆఫర్ ఆమెకు చేరవలసిన చోటు ఆ ఇల్లు, చేరవలసిన వేళ ఆ రాత్రి. దుకాణానికి వంద మీటర్ల దూరంలో ఫోన్ మోగితే అప్పటికే ఆమె చేతిలో సంచి నిండి ఉంటుంది.

కాబట్టి ఇక్కడి యాప్‌లో ‘దగ్గర’ అన్నదాన్ని కిలోమీటర్లతో కాక బస్సు దారులతో కొలవాలి. ఏ పల్లె నుంచి ఏ పట్టణానికి నేరుగా బస్సుందో ఒక పట్టికగా పెట్టుకోవాలి. గుట్ట అవతల ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం కన్నా, నేరుగా బస్సున్న ఇరవై కిలోమీటర్ల పట్టణమే దగ్గర. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితమయ్యాక ఈ లెక్క ఇంకా మారింది. దూరానికి మహిళ పెట్టే టికెట్ ఖర్చు సున్నా. కోరుట్ల దుకాణం జగిత్యాల గిరాకీని, జగిత్యాల దుకాణం కోరుట్ల గిరాకీని లాగే అవకాశం సమానంగా వచ్చింది. టికెట్ ధర ఆధారంగా దూరపు ఆఫర్లను కిందికి నెట్టే యాప్ ఈ పల్లెల్లో తప్పు లెక్క వేస్తున్నట్టే.

రెండో చిక్కు గల్ఫ్. ఈ జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, దమ్మామ్ వంటి చోట్లకు పోయినవారి ఫోన్ అక్కడ ఉంటుంది, ఖర్చు ఇక్కడ జరుగుతుంది. చెల్లెలి పెళ్లికి ఫ్రిజ్ కొనాలన్నా, అమ్మకు బతుకమ్మ చీర తీయాలన్నా తేల్చేది చాలాసార్లు అలా పోయిన మనిషే. జీపీఎస్‌ను మాత్రమే నమ్మిన యాప్ అతనికి ‘మీ దగ్గర ఆఫర్లు లేవు’ అని తెల్ల తెర చూపిస్తుంది. కొనే మనిషినే గెంటేసినట్టు. యాప్ తెరవగానే ‘మీ ఊరు ఏది?’ అని అడిగి, ఆ జవాబును జీపీఎస్ కన్నా పైన పెట్టడం దీనికి తేలికైన మందు. డబ్బు చెల్లించే దారి కూడా పడింది. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐని ప్రవాసులు తమ విదేశీ నంబర్లతోనే, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి వాడుకునేందుకు 2023 జనవరిలో అనుమతి వచ్చింది. మొదటి పది దేశాల జాబితాలోనే యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ ఉన్నాయి. అతను అక్కడ చెల్లిస్తే, ఇంటివాళ్లు ఇక్కడ కోడ్ చెప్పి సరుకు తెచ్చుకునే ఏర్పాటు యాప్‌లో ఉండాలి. అంటే ఒక ఆఫర్‌కు ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు. ఒక ఫోన్‌కు ఒక మనిషి అన్న నమూనాతో మొదలుపెట్టిన డేటాబేస్‌ను తర్వాత సరిచేయడం చాలా కష్టం.

వేములవాడకు మాత్రం జియోఫెన్స్ పనికొస్తుంది. అక్కడికి వచ్చేవారు పొరుగూరివాళ్లు, భోజనం ఎక్కడ, లాడ్జి ఎక్కడ అని అప్పటికప్పుడు వెతుక్కుంటారు. అయితే శివరాత్రి జాతరలో లక్షల మంది చేరినప్పుడు నెట్‌వర్క్ మొరాయిస్తుంది. ముందురోజే ఆఫర్లను ఫోన్‌లోకి దింపి పెట్టకపోతే ఆ రోజు యాప్ ఉన్నా లేనట్టే.

దుకాణదారు వైపు

యాప్ గురించి చెప్పబోతే దుకాణదారు అడిగేది ఒక్కటే: ‘మా దుకాన్లకు ఎంతమంది వస్తరు?’ ఎంతమంది చూశారన్న లెక్క అతనికి అక్కర్లేదు. ఫ్లెక్సీ కట్టించినా చూసేవారు చూస్తారు. అందువల్ల గిరాకీ వచ్చి ఆఫర్ వాడుకున్నట్టు నమోదయ్యే ఘట్టమే ఈ యాప్‌కు ప్రాణం. అది దసరా వారంలో, గల్లా దగ్గర పదిమంది నిలబడి ఉన్నప్పుడు పనిచేయాలి. ఫోన్ తీసి, కెమెరా తెరిచి, క్యూఆర్ కోడ్ చదివించి, నెట్ తిరుగుతుంటే ఎదురుచూసే తీరిక అప్పుడుండదు. గిరాకీ నోటితో చెప్పే అంకెల కోడ్ మంచిది. సమయాన్ని బట్టి మారే, ఒక్కసారికే పనికొచ్చే కోడ్ల పద్ధతి 2011 నుంచి ప్రామాణికంగా ఉంది. రెండు ఫోన్లలో ఒకే రహస్య కీ ముందే పెట్టి ఉండి, గడియారాలు సరిగ్గా ఉంటే చాలు, నెట్ లేకున్నా కోడ్ సరిపోల్చవచ్చు. బిల్లు మీద ఆ అంకెలు రాసిపెట్టి రాత్రి దుకాణం కట్టాక ఎక్కించుకునే వెసులుబాటు కూడా ఇవ్వాలి.

ఇక ఆఫర్ రాసే తీరు. ‘20 శాతం తగ్గింపు’ అన్న ఒక్క గడి అన్ని దుకాణాలకూ సరిపోదు. బంగారం ధర రోజూ మారుతుంది, దాని మీద తగ్గింపు ఎవరూ ఇవ్వరు. తగ్గేది తరుగు, మజూరీ. అందువల్ల నగల దుకాణపు ఫారంలో ఆ రెండింటికీ వేర్వేరు గళ్లుండాలి, ఆ రోజు గ్రాము ధర వేరుగా కనబడాలి. బట్టల దుకాణానికి ఆషాఢం ఉంది. పెళ్లిళ్లు లేని ఆ నెలలో పాత సరుకు వదిలించుకోవడానికి తగ్గింపు పెడతారు, శ్రావణం రాగానే తీసేస్తారు. కాబట్టి యాప్‌లో పంచాంగ మాసాల క్యాలెండర్ ఉండటం అలంకారం కోసం కాదు. కిరాణాకు ఇవేవీ అంటవు. అక్కడి చిక్కు ఉద్దెర. నెలనెలా ఖాతా రాయించుకునే నమ్మకమైన గిరాకీకి తగ్గింపు ఉండదు, యాప్ పట్టుకొచ్చిన కొత్త మనిషికి ఉంటుంది. ఆ సంగతి బయటపడిన రోజు దుకాణదారు ఇరుకున పడతాడు. ‘ఖాతా ఉన్నవారికీ వర్తిస్తుంది’ అన్న ఒక టిక్కు గడి పెడితే పోయేదేమీ లేదు. యాప్‌లోని ధర చూపించి, దాని మీద మళ్లీ బేరమాడటం మాత్రం ఏ రూపకర్తా ఆపలేడు. ఆపాల్సిన పనీ లేదు.

దొంగదారులూ ఉంటాయి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఐచ్ఛికాల్లో ఫోన్ చోటును అబద్ధంగా చూపే వీలుంది, కాబట్టి చోటు ఒక్కటే ఆధారంగా కానుకలు పంచకూడదు.

తెలుగు అక్షరాల లెక్క

తెర మీద తెలుగు కనబడితే చాలదు, కొలతల్లో కూడా సరిపోవాలి. ‘కోరుట్ల’ కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. ‘సిరిసిల్ల’ నాలుగక్షరాలు, తొమ్మిది సంకేతాలు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌కు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 సంకేతాలే. ‘టవర్ సర్కిల్ దగ్గర చీరలపై 20% తగ్గింపు. ఆదివారం దాకా.’ అన్న కబురు ఖాళీలతో కలిపి 53 తింటుంది. దుకాణం పేరుకు మిగిలేవి 17. పేరు ఏమాత్రం పొడుగైనా రెండో ఎస్సెమ్మెస్ ఖర్చు పడుతుంది. వెతుకులాటలో ఊరి పేరును ఇంగ్లిష్‌లో ఎవరు ఏ స్పెల్లింగ్‌తో కొట్టినా, తెలుగులో మాట్లాడి అడిగినా ఒకే ఫలితం రావాలి. ‘దుకాన్’, ‘దుకాణం’, ‘షాపు’ మూడూ ఒకటేనని యాప్‌కు తెలియాలి.

కబుర్ల మోత, గోప్యత, చట్టం

2018 డిసెంబర్‌లో గూగుల్ తన ఆండ్రాయిడ్ నియర్‌బై నోటిఫికేషన్ల సేవను ఆపేసింది. చుట్టుపక్కల దుకాణాల నుంచి పనికిరాని కబుర్లు వరదగా వచ్చిపడటమే కారణం. ఆండ్రాయిడ్ 10 వెనక నుంచి చోటు చూసే అనుమతిని వేరు చేసింది, 12 ‘ఉజ్జాయింపు చోటు చాలు’ అనే ఎంపికనిచ్చింది, 13 నోటిఫికేషన్‌కు ముందుగా అడిగితీరాలంది. ప్రకటనల కోసమే చోటు అనుమతి అడిగే యాప్‌లను ప్లే స్టోర్ నిబంధనలు ఒప్పుకోవు. ఇక్కడి అవసరానికి ఉజ్జాయింపు చోటు సరిపోతుంది, వెనక నుంచి చూడాల్సిన అవసరమే రాదు.

చోటు సమాచారం ఎంత సున్నితమైనదో 2013లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పరిశీలించగా, నాలుగు చోట్లు, నాలుగు వేళలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని తేలింది. చిన్న పట్టణంలో అన్ని కూడా అక్కర్లేదు. సిరిసిల్ల బీవై నగర్‌లో రాత్రి ఉండి, పగలు ఫలానా ఆసుపత్రి దగ్గర కనబడిన ఫోన్ ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. అక్షాంశ రేఖాంశాలను రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే చుక్క సుమారు కిలోమీటరు మేర మసకబారుతుంది. ఆఫర్లు చూపడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే ప్రకటనను ఇంగ్లిష్‌లో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలివ్వాలి, అంటే తెలుగులో తప్పనిసరి. 18 ఏళ్లలోపు పిల్లలను గురిపెట్టి ప్రకటనలు పంపకూడదు. ఉల్లంఘనకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. దీని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు.

వినియోగదారుల వైపు నుంచి 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ ప్రకటనల మార్గదర్శకాలు, చాలినంత సరుకు లేకుండా ఎర వేసే ప్రకటనలను తప్పుపడతాయి. 2023 నవంబర్ 30న వెలువడిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించాయి. ‘ఇంకో రెండు గంటలే’ అని రోజూ తిరిగే దొంగ గడియారం ఆ జాబితాలోనిదే. చిన్న పట్టణాల్లో మోజున్న లక్కీ డ్రాలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కన్నుంది, న్యాయవాదిని అడగకుండా ఆ మీట యాప్‌లో పెట్టకూడదు. కోరుట్ల, సిరిసిల్లల్లో ఎన్నో ఇళ్లకు బీడీలే కూడు పెడుతున్నా, 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం వాటి ప్రచారాన్ని నిషేధించింది, కాబట్టి బీడీ కట్టల మీద ఆఫర్‌ను యాప్ తీసుకోకూడదు. ఆఫర్ కబురును ఎస్సెమ్మెస్‌తో పంపితే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపే సంస్థ పేరు, సందేశపు నమూనా ముందే నమోదై ఉండాలి. జీఎస్టీ కట్టే దుకాణాల్లో తగ్గింపును బిల్లులోనే చూపాలి. 2017 చట్టం 15వ సెక్షన్ ప్రకారం అప్పుడే పన్ను తగ్గించిన ధర మీద పడుతుంది, కాబట్టి యాప్ ఇచ్చే కోడ్ పక్కన తగ్గింపు మొత్తం రూపాయల్లో కనబడితే గుమాస్తా దాన్ని చూసి బిల్లులో రాసుకుంటాడు.